అడగని తేదీ

నూట పదకొండో డబ్బా మూత మీద తేదీ కొడుతుంటే శ్రీవిద్య వేళ్లు తిమ్మిరెక్కాయి. పేర్లు కొట్టే మిషన్ చూడటానికి లావుపాటి పెన్నులా ఉంటుంది. కరెంటు ఎక్కిందంటే కందిరీగను గుప్పిట్లో పట్టుకున్నట్టే. ఆ వణుకును మణికట్టు దగ్గర ఆపి, స్టీలు మీద జారకుండా సున్నా చుట్టడం రాయచోటి బజారులో ఆమెకు వచ్చినట్టు ఇంకొకరికి రాదు. పెళ్లి బిందెలైనా, పోయినవాళ్ల పేరున పంచే పళ్లేలైనా, గుడికిచ్చే గంగాళాలైనా ఆమె చేతి మీదుగా పోవాల్సిందే. ఇప్పుడు కొడుతున్నవి మాత్రం సొంతానికి. తన బిడ్డ బారసాలకు పంచే డబ్బాలు. నూటయాభై. పైన పేరుకు జాగా వదిలి, కింద తేదీ కొట్టాలి. 27-10.

ఆ బిడ్డ ఇంకా కడుపులోనే ఉంది. ఇవాళ గురువారం. వచ్చే సోమవారం పొద్దున పదీ ఇరవై రెండుకూ పదీ నలభైకీ మధ్య, ధనుర్లగ్నంలో, కడపలో కోసి తీస్తారు. పంతులు టైము రాసిచ్చాడు. డాక్టరమ్మ సరేనంది. వీడియో తీసేవాడికి చెప్పారు. శ్రీవిద్యకు కూడా చెప్పారు, వీడియోవాడికి చెప్పిన రోజే.

"మా కోడలు కొట్టిందంటే అచ్చు గుద్దినట్టే ఉంటాది చూడప్పా," అని పాత్రల అంగడి నడిపే మామ నాగసుబ్బయ్య, బిందె కొనడానికొచ్చిన రైతు చేతిలో ఒక మూత పెట్టాడు. "మనవడో మనవరాలో దేవునికి తెలుసు. తేదీ మటుకు ఖాయం."

"ఆలు లేదు చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం అన్నట్టుండాది శెట్టీ నీ యవ్వారం," అంటూ జీవమ్మ మెట్లెక్కింది.

"చూలు ఉండాది గదమ్మా. కండ్లు కనపడ్డంల్యా?"

"కనపడతాండాది కాబట్టే వచ్చినా. కొలిచి రాసుకోవాల. రా శ్రీవిద్యమ్మా, అయిదు నిమిషాలు."

జీవమ్మ ఆ వార్డు సచివాలయంలో ఏఎన్ఎం. ఇరవై ఏళ్లుగా ఈ వీధుల్లోనే సూదులు వేస్తోంది. నాగసుబ్బయ్య ఇంటికి వెళ్తే అత్త సుబ్బరత్నమ్మ ఆమెను వరండా దాటనివ్వదు, మంచినీళ్లు సీసాతోనే ఇస్తుంది, ఆ సీసా తిరిగి తీసుకోదు. అందుకే జీవమ్మ అంగడికి వస్తుంది. అంగట్లో ఎవరినీ కులం అడగరు, అడిగితే బేరం పోతుంది.

"ప్రైవేటులో చూపిస్తాండాము గదా, నీకెందుకు మళ్లా?" అన్నాడు నాగసుబ్బయ్య.

"ప్రైవేటులో చూపిచ్చినా నా ట్యాబులో ఎక్కియ్యకపోతే పై నుంచి తిట్టేది నన్నే శెట్టీ. నువ్వు బేరం చూసుకో."

వెనక సామాను గదిలో, అట్టపెట్టెల మధ్య బల్ల మీద శ్రీవిద్య వెల్లకిలా పడుకుంది. జీవమ్మ అరచేతులు రుద్దుకొని వెచ్చబెట్టుకుంది. పొత్తికడుపు కింద ఎముక మీద టేపు కొస పెట్టి, పొట్ట మీదుగా పైకి లాగి, గర్భం పైఅంచు తగిలిన చోట వేలితో అదిమి చూసింది. టేపు తీసి మళ్లీ మొదటి నుంచి కొలిచింది.

"ముప్పై మూడు."

"అంటే?"

"ఈ నెలల్లో ఎన్ని వారాలైతే టేపు మీద ఇంచుమించు అన్ని సెంటీమీటర్లు రావాల. నీ కార్డేమో ముప్పై ఏడు దాటినాయంటాండాది."

"బిడ్డ చిన్నగా ఉండాదంట అక్కా. లోపల పెరగలేదంట. అందుకే ముందుగా తీయాలన్నారు. ఎట్లాగూ తీసేదే, మంచి టైము చూసుకోమన్నారు." బడిపిల్ల పాఠం అప్పజెప్పినట్టు చెప్పింది శ్రీవిద్య. రెండు నెలలుగా ఈ మాట వింటోంది. నువ్వు తినక, నువ్వు నిలబడక, నువ్వు పడుకోక, నువ్వు పడుకునే ఉండి. నువ్వులుండలు, నెయ్యి, కర్జూరం, ముద్ద ముద్దకూ ఒక నింద.

"స్కాను కాగితాలు ఫోన్లో ఉండాయా? ఇటియ్యి."

జీవమ్మ అద్దాలు పెట్టుకొని ఫోను దగ్గరికీ దూరానికీ జరిపింది. అయిదో నెల దాకా ఎవరికీ తెలియకూడదని ఆ ఇంట్లో ఆచారం. అందుకని మొదటి స్కాను అప్పుడే తీశారు. తర్వాతది ఏడో నెలలో. మూడోది మొన్న.

"ఇది చూడు. అయిదో నెలప్పుడు, తేదీ లెక్కకన్నా బిడ్డ నాలుగు వారాలు తక్కువ. ఏడో నెలప్పుడు నాలుగు వారాలు. మొన్న కూడా నాలుగే. పెరగని బిడ్డయితే రాను రాను వెనకబడతానే పోవాల గదమ్మా. ఈ బిడ్డ అంతకుమించి ఒక్క రోజు కూడా వెనకబడలే." ఫోను తిరిగి ఇచ్చింది. "ఈడి నుంచి గంట లేటుగా ఎత్తిన బస్సు కడపకు గంట లేటుగా పోతాది. అది చెడిపోయిన బస్సు కాదు, లేటుగా ఎత్తిన బస్సు. ఆఖరుసారి బయట చేరింది ఎప్పుడు?"

"ఫిబ్రవరి మూడు."

"నువ్వు చెప్పిందేనా ఈ తేదీ?"

"అత్త చెప్పింది. అత్త క్యాలెండర్లో..."

"నెలసరి నీకొచ్చిందా, మీ అత్తకొచ్చిందా?"

శ్రీవిద్య లేచి కూర్చుంది. చీర కుచ్చిళ్లు సరిచేసుకుంది, సరిగానే ఉన్నవాటిని మళ్లీ సరిచేసుకుంది. జీవమ్మ టేపు చుట్టడం ఆపి ఆమె ముఖం చూసింది. ఇరవై ఏళ్లలో ఇలాంటి కుచ్చిళ్లు చాలా చూసింది.

"నన్ను చెప్పమనొద్దు," అంది శ్రీవిద్య.

"నాకు చెప్పొద్దులే. విను. సోమవారం తీస్తే అది ముప్పై నాలుగు వారాల బిడ్డ. ఊపిరితిత్తులు ఇంకా తయారుగాలా. పాలు పీల్చే బలం ఉండదు. అద్దాలపెట్టెలో పెడతారు. ఆపద వచ్చి తీయాల్సొస్తే తీస్తారు, ఎంతమందో బతికినారు, నేనే చూసినా. ఆపద లేకుండా లగ్నం కోసం తీసేదేంది?" ఇనుప మాత్రల అట్టలు రెండు ఆమె ఒళ్లో పడేసింది. "ఇంకోటి. కోసేది నీ కడుపు. మేజరువు, తెలివిలో ఉండావు. నీ సంతకం లేకుండా కోయకూడదు. మీ ఆయనది పనికిరాదు, మీ మామది పనికిరాదు. ఈ ముక్క నీకు ఎవరూ చెప్పలేదు గదా? చెప్పరు."

బయట నాగసుబ్బయ్య కేక వేశాడు. "అయిదు నిమిషాలంటివే జీవమ్మా. ఇంకా ముప్పైతొమ్మిది డబ్బాలుండాయి."

ఆ క్యాలెండరు వంటింటి తలుపు వెనక ఉంటుంది. నూనె చేతులు తగిలి మూలలు పసుపెక్కింది. పెన్సిలు దారంతో మేకుకు కట్టి ఉంటుంది. పాలవాడు రాని రోజుకు అడ్డగీత, గ్యాసు వచ్చిన రోజుకు నిలువుగీత, కోడలు బయట చేరిన రోజుకు సున్నా. కాపురానికి వచ్చిన నాటి నుంచీ ఆ సున్నా చుట్టేది సుబ్బరత్నమ్మే. శ్రీవిద్య మేడ మీద గదికి చాప తీసుకుపోవడం, కింద అత్త పెన్సిలు అందుకోవడం ఒకేసారి జరిగేవి. ఆడదాని ఒంటి లెక్క ఇంకో ఆడది గోడకు తగిలించి పెట్టుకోవడం ఏంటని ఆ ఇంట్లో ఎవరికీ అనిపించలేదు. మొదట్లో శ్రీవిద్యకు అనిపించింది. తర్వాత అలవాటైంది.

శుక్రవారం పొద్దున అత్త పూజలో ఉండగా శ్రీవిద్య కాగితాలు వెనక్కి తిప్పింది. ఫిబ్రవరి మూడు మీద సున్నా. మార్చి మూడు మీద సున్నా లేదు. ఎర్ర సిరాతో 'ఒంటిమిట్ట కల్యాణం' అని రాసి ఉంది.

ఆ రోజు తెల్లవారుజామున బస్సు వాకిట్లో ఉంది. ఇరవైమంది చుట్టాలు. కడుపు పండాలని కోదండరాముడికి మొక్కుకున్న కల్యాణం, దంపతులు పీటల మీద కూర్చోవాలి. మూడు రోజుల ముందు నుంచి సుబ్బరత్నమ్మ వేళ్లు మడిచి లెక్కపెడుతూనే ఉంది: సరిగ్గా ఆ రోజే వచ్చే లెక్క, రాకూడదు రామా. శ్రీవిద్య స్నానం చేసి పట్టుచీర కట్టుకుంటుండగా నెలసరి వచ్చింది. బయట హారను కొడుతున్నారు. చెప్పి ఉంటే బస్సు ఆగేది, ఇరవైమంది ఇరవై రకాలుగా చూసేవాళ్లు. శ్రీవిద్య చెప్పలేదు. దారిలో పెట్రోలు బంకు దగ్గర దిగింది, గుడి బయట సత్రంలో ఒకసారి దిగింది, పీటల మీద కూర్చొని తలంబ్రాలు అందించింది. ఇంటికొచ్చాక మిగతా నాలుగు రోజులూ అంగట్లో పని ఉందని పొద్దున్నే పోయేది. తర్వాత నెల ఆగిపోయింది.

అక్కడే సుబ్బరత్నమ్మకు మహిమ కనిపించింది. రావాల్సిన రోజు రాలేదు! పీటల మీద కూర్చునే వేళకు బిడ్డ కడుపులో ఉన్నట్టే. "రాముడు ఆపినాడు, రాముడిచ్చిన బిడ్డ" అని బజారంతా చెప్పింది. అయిదో నెలలో స్కాను చూసి డాక్టరమ్మ "తేదీ సరిగ్గా చెప్పారా?" అని అడిగితే, "నా క్యాలెండరు తప్పదమ్మా" అంది. పక్కన నిలబడ్డ శ్రీవిద్య గోడ మీద గడియారం చూసింది. యంత్రం పట్టేస్తుందిలే అనుకుంది. యంత్రం పట్టింది. మనుషులు వినలేదు. బిడ్డ చిన్నగా ఉందన్నప్పుడు మాత్రం శ్రీవిద్య మైలతో పీటల మీద కూర్చున్న పాపం బిడ్డను తింటోందని నమ్మింది. రెండు నెలలు నిద్రలేదు.

నిన్న జీవమ్మ టేపు చుట్టుకొని పోయాక ఒక్కటే మాట ఆమె బుర్రలో తిరుగుతోంది. పాపం కాదు, లెక్క తప్పు. లేటుగా ఎత్తిన బస్సు.

మధ్యాహ్నం భోజనానికొచ్చిన భర్త రాఘవేంద్రప్రసాద్ మేడ మీద గదిలో ఆసుపత్రికి సంచి సర్దుతున్నాడు. ఫోనులో జాబితా పెట్టుకొని ఒక్కోటీ టిక్కు పెడుతున్నాడు. దుప్పట్లు, ఫ్లాస్కు, ఫోను చార్జరు. శ్రీవిద్య తలుపు దగ్గరికి వేసి మొత్తం చెప్పింది. అతను ఫ్లాస్కు మూత తిప్పుతూ విన్నాడు, మూత ఊడేదాకా తిప్పాడు.

"ఇప్పుడా చెప్పేది?"

"మీరెవరన్నా ఎప్పుడన్నా అడిగినారా?"

"అడిగేదేముంది, అమ్మ రాసుకుంటాది గదా."

"రాసుకున్నది తప్పు."

"మరి అయిదు రోజులూ... ఎప్పటిలాగేనా?"

"ఎప్పటిలాగే. నా ఒంటి సంగతి నాకు తెలీదా?"

అతను మంచం మీద కూర్చున్నాడు. బిడ్డ సంగతి ఆలోచిస్తున్నాడని ఆమె అనుకుంది. "అమ్మకు తెలిస్తే ఏమైతాదో తెల్సా? ఊరంతా చెప్పుకున్నాది. చిన్నమ్మోళ్లు, పెద్దమ్మోళ్లు, అందరూ. మైలతో కల్యాణం చేయించినారని..." అన్నాడు.

"నేను బిడ్డ గురించి చెప్తాండా."

"నాలుగు వారాలు పెద్ద తేడానా? అంత పెద్ద ఆసుపత్రి. అద్దాలపెట్టెలుండాయంటివి గదా, ఉండేది దానికే గదా. డాక్టరమ్మ చూసుకుంటాది."

"అద్దాలపెట్టె ఉండాదని బిడ్డను దాంట్లో పెట్టేది యాడన్నా ఉండాదా? కుంట్లో నీళ్లుండాయని దూకుతామా?"

"మెల్లగా మాట్లాడు." తలుపు వైపు చూశాడు. "పోనీ డాక్టరమ్మకు నేనే చాటుగా ఫోను చేస్తా."

చేశాడు. శ్రీవిద్య ఎదురుగానే చేశాడు. రిసెప్షన్ అమ్మాయి, డాక్టరమ్మ ఆపరేషన్లో ఉన్నారు, సోమవారం స్లాటు మీదే, ఖాళీ కడుపుతో రండి అని చెప్పి పెట్టేసింది. అతను ఫోను జేబులో వేసుకున్నాడు. ప్రయత్నం చేసినవాడి ముఖం పెట్టాడు. జాబితాలో ఫ్లాస్కుకు టిక్కు పెట్టాడు.

శనివారం కడపకు కారులో వెళ్లారు, రక్తపరీక్షకూ కాగితాలకూ. నాగసుబ్బయ్య అంగడి వదిలి రాలేదు. సుబ్బరత్నమ్మ ముందు సీట్లో కూర్చుంది. ఆమె రెండు నెలలుగా శనివారాలు ఒక్కపొద్దు ఉంటోంది, దీపం పెట్టేదాకా పచ్చి మంచినీళ్లే. ఎందుకని శ్రీవిద్య ఒకసారి అడిగితే "ఊరికే" అంది. దారి పొడుగునా వెనక్కి తిరిగి కోడలికి మాత్రం కర్జూరం అందిస్తూనే ఉంది.

"తిను. ఈ రెండు రోజులన్నా తింటే రవ్వంత ఒళ్లొస్తాది దానికి."

నర్సింగ్ హోంలో డాక్టర్ పద్మప్రియ గది ముందు నలభైమంది ఉన్నారు. వీళ్ల వంతు వచ్చేసరికి పన్నెండు దాటింది. గదిలో కుర్చీ ఒకటే ఖాళీ. అందులో సుబ్బరత్నమ్మ కూర్చుంది. తొమ్మిది నెలల కడుపు అనుకుంటున్న కోడలు నిలబడింది. అది ఎవరికీ వింతగా కనిపించలేదు.

"ఎలా ఉంది అమ్మాయి? కదలికలు బాగున్నాయా?" డాక్టరమ్మ అత్తను అడిగింది.

"బాగానే ఉండాయమ్మా," అంది సుబ్బరత్నమ్మ. బిడ్డ తన కడుపులోనే కదులుతున్నట్టు.

"సరే. ఇంకేం సమస్య లేదు. సోమవారం ఏడింటికల్లా వచ్చేయండి. సిస్టర్, ఫారాలు."

సిస్టర్ కాగితాల కట్ట తెచ్చి రాఘవేంద్ర ముందు పెట్టింది. "ఈడ, ఈడ, వెనక ఒకటి. అమ్మాయిది కింద." పేజీలు చకచకా తిప్పుతోంది. రాఘవేంద్ర మూడు సంతకాలూ పెట్టి పెన్ను శ్రీవిద్యకు ఇచ్చాడు. ఆమె పెన్ను తీసుకొని కాగితం తన వైపు తిప్పుకుంది.

"ఈడమ్మా, ఈడ." సిస్టర్ వేలు పెట్టి చూపించింది.

"చదివి పెడతా."

"అందరికీ ఉండేదే. బయట శానామంది ఉండారు."

"ఉండనీ. వాళ్ల కాగితం కాదు గదా ఇది."

సిస్టర్ డాక్టరమ్మ వైపు చూసింది. శ్రీవిద్య బల్ల అంచుకు కడుపు ఆనించి, వంగి, ఒక్కో వరుసా చదివింది. ఇంగ్లీషు. బీకాం చదివిన ఇంగ్లీషు చాలు. తన పేరు. వయసు ఇరవై అయిదు. ఆఖరి నెలసరి: ఫిబ్రవరి 3. వారాలు: 37, రోజులు: 5. ఆపరేషన్‌కు కారణం: బిడ్డ ఎదుగుదల తక్కువ. కింద, తనకు అన్నీ తెలిసిన భాషలో వివరించారని, తాను అర్థం చేసుకొని ఒప్పుకుంటున్నానని.

మిషన్ పట్టుకున్నప్పుడు చేసినట్టే మణికట్టు బిగించింది. ఫిబ్రవరి 3 మీద ఒక గీత కొట్టింది. పక్కన గుండ్రంగా, అచ్చు గుద్దినట్టు, మార్చి 3 అని రాసింది.

"ఏంటిది?" అంది డాక్టరమ్మ.

"నా తేదీ అది మేడమ్. ఫిబ్రవరి కాదు."

"ఏమ్మే," సుబ్బరత్నమ్మ కుర్చీలోంచి తిరిగింది, "మార్చి మూడు ఒంటిమిట్టలో ఉంటిమి."

"అవును అత్తా. ఆ పొద్దే వచ్చింది. పట్టుచీర కట్టుకునేటప్పుడు. చెప్పలేదు. అయిదు రోజులు ఉండినాది."

సుబ్బరత్నమ్మ కొడుకు వైపు చూసింది. అతను నేల వైపు చూశాడు.

"నాక్కూడా నిన్ననే చెప్పింది," అన్నాడు.

"నిన్ననే చెప్తే నిన్న నువ్వేం చేసినావురా?" అంది సుబ్బరత్నమ్మ.

డాక్టరమ్మ సొరుగులోంచి గుండ్రటి అట్ట చక్రం తీసి తిప్పింది. మూడు స్కానులూ పక్కపక్కన పెట్టింది. పెన్నుతో ఒకసారి, ఇంకోసారి లెక్క వేసింది.

"ముప్పైమూడు వారాల అయిదు రోజులు. స్కానుతో సరిగ్గా సరిపోతోంది." చక్రం బల్ల మీద పెట్టింది. "ఇంత ముఖ్యమైన విషయం నాకు ముందే చెప్పాలి కదమ్మా? ఎంత ప్రమాదం తెలుసా?"

"మీరు నన్ను అడగలేదు మేడమ్. అత్తను అడిగినారు."

డాక్టరమ్మ ఫైలు మొదటి పేజీకి తిప్పింది. అక్కడ ఆమె చేతిరాతలోనే ఉంది: తేదీ, అత్తగారు చెప్పిన ప్రకారం. అది చదివింది. ఆ తర్వాత సిస్టర్‌తో "ఇంకో కుర్చీ తీసుకురా" అంది.

కుర్చీ వచ్చింది. శ్రీవిద్య కూర్చుంది. డాక్టరమ్మ ఈసారి ఆమె కళ్లలోకి చూసి మాట్లాడింది. సోమవారం చేయడానికి లేదు. బిడ్డ ఎదుగుదల మామూలుగానే ఉంది. నొప్పులు వచ్చేదాకా ఆగొచ్చు, డిసెంబరు మొదటి వారం దాటాక ఎప్పుడైనా. రెండు వారాలకోసారి చూపించుకోవాలి. ఉమ్మనీరు పోయినా, రక్తం కనిపించినా, కదలిక తగ్గినా, తలనొప్పితో కళ్లు మసకేసినా ఆ నిమిషమే రావాలి.

"సాధారణ కాన్పుకు ప్రయత్నిద్దామా? నీ ఇష్టం ఏమిటి?" అని అడిగింది చివర్న.

అయిదు నెలలుగా ఈ గదికి వస్తోంది శ్రీవిద్య. ఆ ప్రశ్న ఎలా ఉంటుందో ఇప్పుడే విన్నది. "ప్రయత్నిద్దాం మేడమ్," అంది. "కోయాల్సొస్తే ఎందుకో నాకు చెప్పండి. చెప్పినాక సంతకం పెడతా."

తిరుగు ప్రయాణంలో సుబ్బరత్నమ్మ ముందు సీట్లో కర్జూరం పొట్లం ఒళ్లో పెట్టుకొని కదలకుండా కూర్చుంది. వెనక్కి తిరగలేదు, అందించలేదు. రాఘవేంద్ర వీడియోవాడికి ఏం చెప్పాలా అని ఫోను తీయడం, పెట్టడం. శ్రీవిద్యకు కోపం లేదు, భయం ఉంది. ఆ భయం కూడా అలిసిపోయి ఉంది. ఘాటు ఎక్కుతుంటే లారీ ఒకటి ముందు పాకుతోంది. మలుపు మలుపుకూ కారు వంగినప్పుడు బిడ్డ కాలు పక్కటెముక కింద తన్నుతోంది. చిన్న కాలే. ఉండాల్సినంత కాలు.

నాలుగో మలుపు దగ్గర సుబ్బరత్నమ్మ, ముందు అద్దంలోకి చూస్తూనే, అడిగింది.

"అయితే బిడ్డ చిన్నది కాదా?"

"కాదత్తా. ముప్పైమూడు వారాలకు ఎంతుండాల్నో అంతే ఉండాది."

"లోపమేం లేదా?"

"లేదు."

ఇంకో రెండు మలుపులు తిరిగాయి. "ఎనిమిదో నెలలో తీసిన బిడ్డ దక్కదంటారు," అంది సుబ్బరత్నమ్మ, ఎవరితోనో చెప్పినట్టు. "తెలిసుంటే నేను తీయనిత్తునా?"

"తెలిసేట్టు లేకపోయినాది అత్తా, మనింట్లో."

ఆ మాటకు సుబ్బరత్నమ్మ మెడ బిగిసింది. తిట్టబోతుందని రాఘవేంద్ర ముందుకు వంగాడు. గువ్వలచెరువు వచ్చింది. రోడ్డు పక్కన పాలకోవా అంగళ్లు, పొయ్యిల మీద పెద్ద బాణళ్లు, పాలు ఇంకుతున్న వాసన.

"నిలుపప్పా," అంది డ్రైవరుతో.

ఆమె దిగింది. కోవా కొని అక్కడే, అంగడి ముందు నిలబడి, పొట్లం విప్పింది. టైము మూడయింది. దీపం పెట్టడానికి ఇంకా చాలా ఉంది. రెండు వేళ్లతో ముక్క తుంచి నోట్లో వేసుకుంది. మెల్లగా నమిలింది. ఇంకో ముక్క తుంచింది.

"అమ్మా, ఒక్కపొద్దు గదా నీకు?" కారులోంచి రాఘవేంద్ర అన్నాడు.

"బిడ్డకు ఒళ్లు రావాలని ఉంటి," అంది సుబ్బరత్నమ్మ. "దానికి ఒళ్లుండాదంట గదా. ఇంకెందుకు?"

కిటికీ దగ్గరికి వచ్చి మిగిలిన పొట్లం శ్రీవిద్య చేతిలో పెట్టింది. ముఖం మెత్తబడలేదు.

"మైలతో పీటల మీద కూర్చున్నావు. అది నేను మరిచిపోను. పురుడైనాక ఒంటిమిట్టలో పదకొండు ప్రదక్షిణాలు చేయాల, నువ్వే."

"చేస్తా అత్తా. ఒంట్లో సత్తువ వచ్చినాక. ఎప్పుడొచ్చిందో నేను చెప్తా."

"నువ్వే చెప్పు," అంది సుబ్బరత్నమ్మ విసుగ్గా, కారెక్కుతూ. "నా లెక్కలు చాలు."

సోమవారం పదీ ఇరవై రెండుకు శ్రీవిద్య అంగట్లో ఉంది. ఒక పెళ్లివారి బిందె మీద వధువు ఇంటిపేరు కొడుతోంది. నూటయాభై డబ్బాల కట్టలు పక్కన గోడకు పేర్చి ఉన్నాయి, మూతల మీద ఇవాళ్టి తేదీ మెరుస్తోంది. నాగసుబ్బయ్యకు వాటిని చూస్తే కడుపు మండుతోంది. శనివారం నుంచి ఇంట్లో అందరి మీదా విసుక్కున్నాడు. బస్సు ముచ్చట వినలేదు, టేపు ముచ్చట వినలేదు, మార్చి మూడు మాట ఎత్తితే చెవులు మూసుకున్నాడు. ఆడోళ్ల గొడవ, నాకు చెప్పొద్దు అన్నాడు. కానీ నిన్న సాయంత్రం పంతులు దగ్గరికి పోయి వచ్చాడు.

"డిసెంబరు అయిదు," అన్నాడు ఇప్పుడు, జేబులోంచి కాగితం తీసి గల్లాపెట్టె మీద పరుస్తూ. "శానా గట్టి లగ్నమంట. అప్పటికి నెలలు నిండుతాయి గదా, ఇంకేం అభ్యంతరం? డాక్టరమ్మ కాకుంటే ఇంకో డాక్టరమ్మ. కొత్త డబ్బాలు సాయంత్రానికి వస్తాయి. ఈసారి ముందే కొట్టి పెట్టుకుంటే..."

శ్రీవిద్య మిషన్ ఆపింది. మొన్ననే కొండెక్కి దిగినంత పనయింది. ఈయన మళ్లీ కొండ కింద నిలబడి పిలుస్తున్నాడు. ఒక్కసారి చెప్తే చాలదని, రేపు, ఎల్లుండి, పుట్టాక పాల గురించి, నీళ్ల గురించి, అన్నింటికీ మళ్లీ మళ్లీ చెప్పాల్సి వస్తుందని ఆమెకు అర్థమైంది. నోరు తెరవబోయింది.

సుబ్బరత్నమ్మ క్యారియరు పట్టుకొని మెట్లెక్కి వచ్చింది. ఆమె వెనకే ట్యాబు చంకన పెట్టుకొని జీవమ్మ. దారిలో కలిశారో, కలిసి వచ్చారో తెలియదు. ఇద్దరి మధ్యా మూరెడు ఎడం అలాగే ఉంది. సుబ్బరత్నమ్మ క్యారియరు బల్ల మీద పెట్టి, మొగుడి చేతికింది కాగితం చూసింది.

"ఏందది?"

"ముహూర్తం. తేదీ కొట్టమంటాండా."

"తేదీ నాతో ఎందుకు చెప్తావు? దాన్ని అడుగు."

నాగసుబ్బయ్య పెళ్లాం వైపు చూశాడు. ముప్పై ఏళ్లుగా ఆ ఇంట్లో ఏ తేదీ అయినా ఆమె నోటి నుంచే వచ్చేది. "ఎవర్ని?"

"కడుపు ఎవరికుండాదో వాళ్లను. ఎవర్నంటాడే ఈ మనిషి." క్యారియరు గిన్నెలు విప్పడం మొదలుపెట్టింది. జీవమ్మ పెదవి బిగించి నవ్వు ఆపుకుంది.

నాగసుబ్బయ్య దగ్గాడు. కాగితం మడిచాడు, విప్పాడు. కోడలి వైపు చూడకుండా, పక్కనున్న బిందెతో మాట్లాడినట్టు అడిగాడు.

"ఏమమ్మా. ఏ తేదీ కొట్టాల?"

"ఇప్పుడేమీ వద్దు మామా. పుట్టినాక కొడతా."

"ఈ నూటయాభై ఏం చేయాల?"

"కారంపొడికి పనికొస్తాయి," అంది సుబ్బరత్నమ్మ.

శ్రీవిద్య బిందె తన వైపు తిప్పుకుంది. ఇంటిపేరులో ఆఖరి అక్షరం మిగిలి ఉంది. మిషన్ ఆన్ చేసింది. జీవమ్మ బ్యాగులోంచి తల్లీబిడ్డ కార్డు తీసి, పాత తేదీ ఉన్న గడి మీద వేలు పెట్టి, ఆమె ముందుకు జరిపింది.

"ఉండక్కా," అంది శ్రీవిద్య. "దీని పని అయిపోనీ. నేనే రాస్తా."